చివరి 3 నిమిషాలు

ప్రోగ్రెస్ కార్డులు మీ చేతికి వచ్చేలోపు ఒక రేసు గురించి చెప్పాలనుకుంటున్నాను.

ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో ఏటా 24 గంటల కార్ల రేసు జరుగుతుంది. ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా రాత్రీపగలూ నడుపుతారు. 2016లో టయోటా 5వ నంబరు కారు ముందుంది, స్టీరింగ్ కజుకి నకజిమా చేతిలో ఉంది. రేసు చివర్లో కారులో పవర్ పోయింది. ఇంకో 3 నిమిషాలే ఉందనగా ఫినిష్ లైన్ దగ్గరే ఆగిపోయింది. పోర్షే గెలిచింది. నకజిమా ఎలాగో కారును కదిలించి చివరి ల్యాప్ పూర్తి చేశాడు. కానీ దానికి 11 నిమిషాలు దాటింది, రూలు 6 నిమిషాలు. అందుకే రెండో స్థానం కూడా ఇవ్వలేదు. నాకైతే ఇది మరీ అన్యాయం అనిపిస్తుంది.

తర్వాత ఇంజినీర్లు వెతికి పట్టుకున్నారు: టర్బోచార్జర్ నుంచి ఇంటర్‌కూలర్‌కు గాలి వెళ్లే లైనులో ఒక కనెక్టర్ ఫెయిలైంది. డ్రైవర్ తప్పేమీ లేదు. 2018లో ఆ రేసు గెలిచిన టయోటాను చివర్లో నడిపింది నకజిమానే.

మేమిచ్చే కార్డులో మార్కు ఉంటుంది, గ్రేడు ఉంటుంది. ఎక్కడ ఊడిందో మాత్రం ఉండదు. అది మా లోపమే. అంతా వచ్చి కూడా ఆఖరి పెద్ద ప్రశ్నకు టైమ్ చాలని పాపకూ, ఆ చాప్టరే అర్థంకాని బాబుకూ ఒకే మార్కు పడొచ్చు. ఇద్దరికీ ఒకే ట్యూషన్ పెట్టిస్తే ఏం లాభం?

"పక్కింటి అబ్బాయికి ఎంత?" అని అడిగేముందు పీటీఎంలో ఆన్సర్ షీట్లు అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. టీచర్ టైమ్ లేదంటే మళ్లీ అడగండి, ఆ టీచర్ నేనైనా సరే.