ఒక్క దొంగ బొమ్మ చాలు, నిజం ఫొటోలన్నీ బోనెక్కడానికి

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల పోరాటం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న ఆ భూమిలోకి జేసీబీలు దిగాయి. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు పట్టుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా చూసి ఇచ్చిన నివేదికలో దాదాపు 100 ఎకరాలు ధ్వంసమైనట్టు, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించినట్టు ఉంది.

అంటే నెమళ్లు నిజం. జింకలు నిజం. జేసీబీలూ నిజమే. అయినా రెండు మూడు రోజుల్లోనే చర్చ భూమి మీద నుంచి 'ఏఐ ఫొటోల' మీదికి మళ్లింది. సోషల్ మీడియాలో తిరిగిన బొమ్మల్లో కొన్ని కంప్యూటర్లో తయారైనవి. ప్రజలను తప్పుదోవ పట్టించారంటూ ప్రభుత్వం విచారణకు సిద్ధమైంది. బుల్‌డోజర్ల ముందు నెమళ్లు, జింక ఉన్న గిబ్లీ తరహా బొమ్మను రీపోస్ట్ చేసినందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు కూడా పోలీసులు నోటీసు ఇచ్చారు. చెట్లు ఎవరు కొట్టారన్న ప్రశ్న వెనక్కి పోయి, బొమ్మ ఎవరు చేశారన్న ప్రశ్న ముందుకొచ్చింది. దళిత ఉద్యమాలు ఈ ఘటన నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాం.

అసలు ఫొటోలో లేని వస్తువును ఉన్నట్టు ఎలా చూపిస్తారు? వస్తువును గీయడం అందులో సులువైన భాగం. కష్టమంతా నీడతోనే. ఎండ ఎటు నుంచి పడుతోంది, నేల ఎంత వాలుగా ఉంది, వస్తువు నేలను తాకేచోట నలుపు ఎంత చిక్కగా ఉండాలి అన్నది లెక్క కట్టకపోతే ఆ వస్తువు గాల్లో తేలినట్టుంటుంది. 2012లో వచ్చిన 'ఈగ' సినిమాలో, కెమెరా తీసిన గదిలో కంప్యూటర్ ఈగ నిజంగా తిరుగుతున్నట్టు అనిపించడానికి ఈ వెలుగునీడల పనే కారణం. 1998లో పాల్ డెబెవెక్ ఈ పద్ధతిని చూపినప్పుడు అసలు చోటులో అద్దంలాంటి గోళం పెట్టి వెలుతురును కొలవాల్సి వచ్చింది. 2011 నాటికి కెవిన్ కార్ష్ బృందం, ఎప్పుడో తీసిన ఒక్క ఫొటో ఉన్నా చాలని చూపింది. ఇప్పుడు ఫోన్లో ఒక వాక్యం రాస్తే చాలు.

దీన్ని మన పక్కకు తెచ్చి ఆలోచిద్దాం. కంభం చెరువు కింద ఒక దళిత కుటుంబానికి ఎసైన్డ్ చేను ఉందనుకుందాం. ఎవరో రాత్రికి రాత్రే రాతి కూసాలు పాతి కంచె వేశారు. బాధితులు ఫోన్లో ఫొటో తీశారు. రెండు రకాల ప్రమాదం ఉంది. మొదటిది, అవతలి వాళ్లు ఆ చేలో పాత రేకుల షెడ్డు, దాని నీడతో సహా అతికించి 'ఇది ఎప్పటినుంచో మా స్వాధీనంలో ఉంది' అనవచ్చు. రెండోది ఇంకా సులువు. వాళ్లేమీ తయారు చేయనక్కర్లేదు. 'అది ఏఐ ఫొటో' అంటే సరిపోతుంది. అబద్ధం ఆడేవాడికి దొరికే ఈ లాభం గురించి అమెరికా న్యాయశాస్త్రవేత్తలు బాబీ చెస్నీ, డానియెల్ సిట్రన్ ముందే హెచ్చరించారు. మన దగ్గర ఆ లాభం ఎవరికి చేరుతుందో చెప్పనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కోసమే స్టేషన్ చుట్టూ తిరగాల్సిన వాళ్ల మాటను అనుమానించడం ఎప్పుడూ తేలికే.

పీష్వాల పాలనలో అంటరానివారి నీడ కూడా మైల అని వాళ్లను వీధుల్లోకి రానివ్వలేదని అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో రాశారు. మనిషి అక్కడ ఉన్నాడనడానికి నీడే గుర్తు కాబట్టి ఆ నీడనే నేరం చేశారు. ఈరోజు ఫొటోలో మన నీడ నిజమేనా అని అడుగుతున్నారు. 1985లో కారంచేడులో ఫోన్లు లేవు, బతికి బయటపడ్డవాళ్ల నోటి మాటే సాక్ష్యం. ఇప్పుడు ఫోన్ ఉంది కానీ దాన్ని నమ్మించే బాధ్యతా మన నెత్తినే పడింది.

కంటితో చూసి తేలుస్తామనుకోవడం పొరపాటు. నీడల తేడాను పట్టడంలో మనిషి చూపు చాలా బలహీనమని హనీ ఫరీద్ పరిశోధనలు చెబుతున్నాయి. అయితే లెక్క ఉంది. ఎండలో తీసిన ఫొటోలో నీడ కొనను, ఆ నీడ వేసిన వస్తువు కొనను కలుపుతూ గీతలు గీస్తే, అవన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. కలవకపోతే ఏదో అతికించారన్నమాట. కలిసినంత మాత్రాన ఫొటో నిజమైపోదు, అదీ గుర్తుంచుకోవాలి.

అందుకే ఫొటో పుట్టుకను కాపాడుకోవడం ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. ఫైలులో చుక్కంత మార్చినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది, తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. కాబట్టి అసలు ఫైలు ఫోన్లోంచి చెరపవద్దు, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి. ఒకే చోటును నాలుగు వైపుల నుంచి, వేర్వేరు ఫోన్లతో తీయాలి. తీసినవాళ్ల పేరు, సమయం అదే రోజు కాగితం మీద రాసుకోవాలి. అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో వచ్చిన సెక్షన్ 15ఏ(10) ప్రకారం కేసు ప్రక్రియనంతా వీడియో తీయాలి. దాన్ని అడిగి తీయించుకోవాలి.

చివరిగా మనలో మనం చెప్పుకోవాల్సిన మాట. ఘోరం బాగా కనబడాలని ఫొటోకు ఏదో జోడించడం, ఏఐ బొమ్మను పోస్టర్ మీద వేసి అసలు ఫొటోలా తిప్పడం ఆపాలి. బొమ్మ అయితే బొమ్మ అని పెద్ద అక్షరాల్లో రాయాలి. కంచ గచ్చిబౌలి విద్యార్థుల వెనుక సుప్రీంకోర్టు ఉత్తర్వు, రిజిస్ట్రార్ నివేదిక, దేశమంతా చూస్తున్న కెమెరాలు ఉన్నాయి. అందుకే ఆ దుమారం తట్టుకున్నారు. మార్కాపురం, గిద్దలూరు పక్క పల్లెలో ఒక కుటుంబానికి ఉండేది ఒక్క ఫోను, అందులో నాలుగు ఫొటోలు. వాటి మీద అనుమానం పడనివ్వకుండా చూడటం మన పని.