కుక్కర్ కూత పట్టించింది!

అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్ అది. ఆవిడ ఇప్పుడు లేరు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి మనవలందరికీ పంపాలని కాకినాడలో ఓ కుటుంబం పూనుకుంది. యూఎస్‌బీ ఆడియో బాక్స్‌తో ఒకవైపు పూర్తయింది కూడా. ఇంతలో పాత కంప్యూటర్ మూలనపడింది, కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. అదే బాక్స్, అదే వైరు. దీపం వెలిగింది. రికార్డింగ్ నడిచింది. తీరా వింటే... పాట నూతిలోంచి వస్తున్నట్టుంది. మధ్యలో కుక్కర్ మూడు కూతలు!

ఆ కూతే అసలు సంగతి బయటపెట్టింది. కుక్కర్ ఉన్నది టేపులో కాదు, వంటింట్లో. అంటే ల్యాప్‌టాప్ వైరులోంచి వినడం లేదు. టేప్‌రికార్డర్ స్పీకర్లో మోగుతున్న పాటని తన సొంత బుల్లి మైకుతో వింటోంది. బాక్స్ ఊరికే వెలుగుతూ కూర్చుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లండి. 'ఇన్‌పుట్' కింద మైకులతోపాటు బాక్స్ పేరూ ఉంటుంది. చాలా బాక్సులు కంపెనీ పేరు చెప్పుకోవు, 'యూఎస్‌బీ ఆడియో కోడెక్' అని ముక్తసరిగా కనిపిస్తాయి. దాన్నే ఎంచుకోవాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ విడిగా ఎంచుకోవాలి, చాలామంది మరచిపోయేది ఇక్కడే. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి ఆపి ఉన్నా శబ్దం రాదు. 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఉంటే ఆపేయండి. మాటల కోసం పెట్టిన ఆ సదుపాయం రాగాన్ని రొద అనుకుని కోసేయొచ్చు.

జాబితాలో పేరే లేదా? హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. వైరు మార్చండి, కొన్ని వైర్లు ఛార్జింగుకే తప్ప డేటాకి పనికిరావు. మామూలు బాక్సులకు డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. యూఎస్‌బీ ఆడియో 2 రకానికీ 2017 నుంచి ఉంది. కంపెనీ సొంత డ్రైవర్ అడిగే పాతవాటితోనే తంటా. విండోస్ 11 వచ్చేది 64 బిట్లలోనే, ఎక్స్‌పీ కాలపు 32 బిట్ల డ్రైవర్ దాని మీద పనిచేయదు. కంపెనీ 64 బిట్ల డ్రైవర్ ఇవ్వకపోతే మరో బాక్స్ కొనుక్కోవడమే.

ఈ ప్రయోగాలన్నీ ఏ సినిమా పాటల క్యాసెట్‌తోనో చేయండి. పాత టేపు తెగితే అతికించొచ్చు గానీ తెగినచోట పాట పోతుంది. ఆ ఇంట్లోనూ అలాగే చేశారు. కావాలనే కుక్కర్ పెట్టి మరీ ఓ పాట రికార్డు చేశారు. వంటింట్లో కూత వచ్చింది, రికార్డింగ్‌లో రాలేదు. అప్పుడు తీశారు హారతుల క్యాసెట్ బయటికి.