నాలుగో దెబ్బను లెక్కించేదెవరు?

గుర్రప్పందేలలో కొరడా ఉండాలా వద్దా అన్న చర్చలో చాలామంది మరచే విషయం ఒకటుంది: ఈ విషయంలో మన చట్టం మౌనంగా లేదు. ప్రదర్శనల్లో వాడే జంతువుల నమోదుపై 2001లో వచ్చిన నిబంధనలు గాలిమెత్త ఉన్న కొరడానే అనుమతిస్తాయి. ఒక రేసులో మూడుసార్లకు మించి కొట్టరాదు. గెలుపు ఆశ లేని గుర్రాన్ని, విన్నింగ్ పోస్ట్ దాటిన గుర్రాన్ని అసలే కొట్టరాదు. బ్రిటన్ 2023లో కఠినతరం చేసుకున్న నియమాలు సైతం అడ్డంకులు లేని రేసులో ఆరు దెబ్బలను ఒప్పుకుంటాయి. కాగితం మీద మనమే దయామయులం.

మలక్‌పేట మైదానంలో ఆ మూడింటిని లెక్కించేది స్టీవార్డులు. వారు క్లబ్బు మనుషులు. క్లబ్బు బతికేది పందెపు సొమ్ముతో. ఆ సొమ్ములో పన్ను ప్రభుత్వానిది. గుర్రాన్ని అదుపు చేయడానికే కొరడా అని రేసుల పెద్దలు చెబుతారు. అసలు సంగతి వేరు. చివరి రెండు వందల మీటర్లలో కొరడా ఆడకపోతే, జాకీ కావాలనే గుర్రాన్ని ఆపాడని గ్యాలరీ అనుమానిస్తుంది. పందెం కాసినవాడికి ఆ దెబ్బే రసీదు. నార్వే 1982లోనే కొరడా దెబ్బలను నిషేధించింది. అక్కడ రేసులు ఆగలేదు.

జల్లికట్టు, ఎడ్ల పందేలను సుప్రీంకోర్టు 2014లో నిషేధించింది. రాష్ట్రాల సవరణ చట్టాలను 2023లో సమర్థించింది. ఈ మధ్యకాలమంతా రైతు ముల్లుగర్ర బోనులో నిలబడింది. క్లబ్బు కొరడాకు ఆ అవస్థ రాలేదు. ప్రతి రేసూ కెమెరాలో ఉంటుంది గనుక, ఫలితంతోపాటు ఏ గుర్రానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో ప్రకటించాలని జంతు సంక్షేమ బోర్డు ఆదేశించాలి. లెక్కించేవాడు క్లబ్బు జీతగాడు కాకూడదు.