కాలేయ క్యాన్సర్ నొప్పికి ఒక్కరోజు చికిత్స ప్రతి జిల్లా రోగికీ అందాలి

ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు ఇక చేయగలిగింది లేదని చెప్పి రోగిని ఇంటికి పంపివేసినా, కణితి పెరుగుతూ కాలేయాన్ని కప్పి ఉన్న పలుచని పొరను సాగదీస్తూనే ఉంటుంది కనుక, కుడి డొక్కలో మొదలైన నొప్పి భుజానికి పాకి, రోగిని ఆ పక్కకు ఒత్తిగిలనీయదు, కంటికి కునుకు పట్టనీయదు. రోగం నయం కాకపోయినా ఈ నొప్పిని తగ్గించే మార్గం ఉంది.

దానినే ఉపశమన రేడియోథెరపీ అంటారు. అంటే జనం వాడుకలో కరెంటు పెట్టడం అనే చికిత్సనే, బాధను తగ్గించేందుకు తక్కువ మోతాదులో ఇవ్వడం. కెనడాలో 2015-2022 మధ్య 66 మంది రోగులతో జరిగి, 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వెలువడిన పరిశోధనలో, సగం మందికి నొప్పి మందులు తదితర సంరక్షణ మాత్రమే అందగా, మిగిలినవారికి దానితోపాటు ఒకే విడతలో 8 గ్రేల రేడియేషన్ ఇచ్చారు. శరీరం గ్రహించే రేడియేషన్‌కు గ్రే కొలమానం. నెల తరువాత వివరాలు అందిన రోగుల్లో, రేడియేషన్ పొందినవారిలో 67 శాతం మందికి నొప్పి చెప్పుకోదగినంత తగ్గితే, పొందనివారిలో 22 శాతం మందికే తగ్గింది.

మూడు నెలలు బతికినవారు రేడియేషన్ పొందినవారిలో 51 శాతం, పొందనివారిలో 33 శాతం ఉన్నప్పటికీ, రోగుల సంఖ్య తక్కువ కావడం వల్ల ఆ తేడా గణాంక పరీక్షకు నిలవలేదు. కాబట్టి ఆయుష్షు పెరుగుతుందని ఆశపెట్టడం తగదు. నొప్పి తగ్గే అవకాశాన్ని చెప్పకుండా దాచడం అంతకన్నా తగదు. వికారం, నీరసం వంటి ఇబ్బందులు రావచ్చు గనుక వాంతుల నివారణ మందు ముందే ఇస్తారు. కాలేయం పూర్తిగా చెడి అంతిమ ఘడియల్లో ఉన్నవారికి ఈ చికిత్స తగదు. ఈ చికిత్స పొందినా మార్ఫిన్ వంటి నొప్పి మందుల అవసరం కొనసాగవచ్చు.

ఈ చికిత్స అవసరమైన ప్రతి రోగికీ అందేందుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేపట్టవలసినవి మూడు:

1. రేడియోథెరపీ యంత్రాలున్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, స్కానింగ్, చికిత్స వీలైనంతవరకు ఒకేరోజు ముగించాలి.

2. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఈ ఒక్కరోజు చికిత్సతోపాటు రోగి ప్రయాణ ఖర్చునూ భరించాలి.

3. నొప్పి అదుపులోకి రాని రోగులను జిల్లా పాలియేటివ్ కేర్ (ఉపశమన సంరక్షణ) సిబ్బంది హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె., విశాఖపట్నంలోని హోమీ భాభా వంటి క్యాన్సర్ ఆసుపత్రులకు నేరుగా పంపే ఏర్పాటు ఉండాలి.

రోగిని ఇంటికి తీసుకుపోయే ముందు, నొప్పి తగ్గించేందుకు ఒక్కసారి రేడియేషన్ ఇవ్వవచ్చునా అని ప్రతి కుటుంబమూ వైద్యుని అడగాలి; ఆ ప్రశ్నకు ప్రతి జిల్లాలోనూ సమాధానం దొరికేలా ప్రజాప్రతినిధులు పూనుకోవాలి.