ఆర్‌సీఎం బడిలో మన పిల్లలు

బదిలీ ఉత్తర్వు చేతికందగానే విశ్వాసుల కుటుంబాలు సైతం మొదట వెదికేది అద్దె ఇల్లు, ఆ వెంటనే పిల్లలకు బడి. చర్చి సంగతి సామాను సర్దుకున్నాక, రెండు మూడు ఆదివారాలు గడిచాక గానీ గుర్తుకు రాదు. కొత్త ఊళ్లో చాలామంది ప్రొటెస్టెంటు తల్లిదండ్రుల చూపు కథోలిక విచారణ ఆవరణలో, గుడి పక్కనే ఉన్న బడి మీద పడుతుంది. క్రమశిక్షణ ఉంటుంది, సిస్టర్ల కనుసన్నల్లో ఆడపిల్ల క్షేమంగా ఉంటుంది, పైగా గేటు మీద సిలువ ఉంటుంది. అంతా బాగానే ఉందనుకున్నాక ఒక సందేహం మొదలవుతుంది. 'అయ్యగారూ, అక్కడ మరియమ్మకు మొక్కిస్తారట, చేర్పించవచ్చా?' అని ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

చేర్పించవచ్చనే నా అభిప్రాయం. బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు కల్దీయుల భాషనూ విద్యనూ నేర్చుకున్నారు. రాజుగారి భోజనం దగ్గరికొచ్చేసరికి మాత్రం తమకో హద్దు ఉందని మర్యాదగానే చెప్పారు (దానియేలు 1). అన్యుల విద్యకే వారు భయపడనప్పుడు, త్రియేక దేవుణ్ణి, ప్రభువు సిలువ మరణ పునరుత్థానాలను మనతోపాటు ఒప్పుకునే వారి బడికి మనం భయపడటమేమిటి? 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి, విశ్వాసి నీతిమంతుడుగా తీర్చబడటాన్ని గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు దానితో ఏకీభవించారు. దాంతో తేడాలన్నీ తీరిపోలేదు. కానీ 'ఆర్‌సీఎం వాళ్లు క్రైస్తవులే కారు' అని ప్రసంగించే బోధకులు ఒకసారి ఆ ప్రకటన చదివితే బాగుంటుంది.

నన్ను కలవరపెట్టేది మరియమ్మ కాదు, దరఖాస్తు ఫారం. కొన్ని విచారణ బడులు కథోలిక పిల్లలకు సీట్లలో ప్రాధాన్యం ఇస్తాయి. అది తెలిసి మనవాళ్లు కొందరు ఆ గడిలో 'ఆర్‌సీ' అని రాసేస్తారు. సీటు వస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక సంఘం, బడిలో మరొక సంఘం ఉందని నటించే భారం ఆరేళ్ల బిడ్డ మీద పడుతుంది. బడిలో నేర్చుకున్న మొదటి పాఠమే అబద్ధమైతే ఇక నీతిబోధ తరగతి ఎందుకు? ఏ సంఘస్థులో ఉన్నదున్నట్టు రాయండి. త్రియేక నామంలో నీటితో పొందిన మన బాప్తిస్మాన్ని కథోలిక సంఘం గుర్తిస్తుంది. (అవతలివారి బాప్తిస్మాన్ని ఒప్పుకోక మళ్లీ ముంచే పని చేసేది మనలో కొన్ని సంఘాలే.)

చేరిన తర్వాత వచ్చే ప్రశ్న తరగతిది. ఈ బడులు చాలావాటిలో కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగతావారికి నీతిబోధ అని విడివిడిగా ఉంటాయి. మన పిల్లవాడు ఎటు కూర్చోవాలి? నన్నడిగితే, బడివారు అనుమతిస్తే సత్యోపదేశంలోనే కూర్చోనివ్వండి. అక్కడ బైబిలు వింటాడు. కాకపోతే ఆ పుస్తకాన్ని సాయంత్రం తండ్రి గానీ తల్లి గానీ తెరిచి చూడాలి. ఎందుకంటే చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. రెండో ఆజ్ఞ ఏమిటని టీచరు అడిగితే, దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్నది అని బడిలో జవాబు. మన సండే స్కూల్లో చాలాచోట్ల రెండోది విగ్రహాలు చేసుకోకూడదన్న ఆజ్ఞ. బిడ్డ ఎవరిని నమ్మాలి? 'వాళ్లు రెండో ఆజ్ఞను తీసేశారమ్మా' అని మనవాళ్లు చప్పున చెప్పేస్తారు. అది నిజం కాదు. వారు దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశించకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా లెక్కిస్తారు. అగస్టీను నాటి నుంచీ వస్తున్న లెక్క అది. లూథర్ కూడా దాన్నే ఉంచాడు కాబట్టి లూథరన్ సంఘాల ప్రశ్నోత్తరిలోనూ అదే వరుస. నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఆజ్ఞలకు అంకెలు లేవు. ఇది విడమరిచి చెబితే బిడ్డకు కోపం రాదు, ఆసక్తి కలుగుతుంది. స్వరూపాల ముందు మనమెందుకు మోకరించమో చెప్పడానికి అదే మంచి సమయం.

మరియమ్మ విషయమూ అంతే. అన్ని తరాలవారూ ఆమెను ధన్యురాలంటారని లూకా సువార్త మొదటి అధ్యాయమే చెబుతోంది. ఆమె కీర్తన మీద లూథర్ 1521లో ఒక వ్యాఖ్యానమే రాశాడు. మన ప్రసంగ వేదికల మీద ఆమె పేరు వినబడేది క్రిస్మస్ వారంలోనే. ఆమెను గౌరవిస్తాం, ఆమెకు ప్రార్థించం, మధ్యవర్తి ఒక్కడే (1 తిమోతి 2:5) అని బిడ్డకు చెప్పండి. అక్టోబరులో అసెంబ్లీలో జపమాల చెబుతుంటే మౌనంగా, మర్యాదగా నిలబడితే చాలు. బడిలో పూజ జరిగినప్పుడు సత్ప్రసాదం కోసం వరుసలో నిలబడకూడదని కూడా ముందే చెప్పాలి. అది వారి సంఘ నియమం. తోటి పిల్లలు తెల్ల దుస్తుల్లో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే రోజున మన బిడ్డ మనసు చిన్నబోతుంది. ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

ఇవేవీ వద్దనుకునే తల్లిదండ్రులకు మన రాజ్యాంగమే అండ. ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ పొందే బడిలో, మైనరు బిడ్డను సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధలో, ఆరాధనలో పాల్గొనమనకూడదని 28(3) అధికరణం చెబుతోంది. దాన్ని హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి వాదించనక్కర్లేదు. చేర్పించే రోజే నెమ్మదిగా మాట్లాడుకుంటే సరిపోతుంది.

'మరి మన బడులేమయ్యాయి?' అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసిందే. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి తెరిచాడు. ఆ వారసత్వం పొందిన మన బడులు చాలాచోట్ల ఎయిడెడ్ పోస్టులు భర్తీ కాక, ఆస్తి తగాదాల్లో చిక్కి బోసిపోయాయి. సిస్టర్లు బడిని నిలబెట్టుకున్నారని వారి మీద అసూయపడి లాభం లేదు.

అయితే గేటు మీద సిలువ ఉంది కదా అని విశ్వాసం నేర్పే పనిని కూడా ఫీజుతోపాటు బడికి అప్పగించేవారున్నారు. లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని ప్రచురించినప్పుడు, ఇంటి యజమాని దీన్ని తన ఇంటివారికి ఇలా నేర్పాలి అని ప్రతి భాగం మీదా రాశాడు. తిమోతి విశ్వాసానికి పునాది వేసింది అవ్వ లోయి, తల్లి యునీకే. కొత్త ఊళ్లో అమ్మమ్మా నానమ్మా ఉండరు, తెలిసిన సంఘమూ ఉండదు. అందుకే బడి చూడటానికి వెళ్లిన రోజునే సండే స్కూలు ఎక్కడో, ఎన్ని గంటలకో కూడా కనుక్కోవాలి. టీసీ కోసం పాత బడి చుట్టూ మూడుసార్లు తిరిగేవారు, పాత సంఘం నుంచి సభ్యత్వ ఉత్తరం అడిగి తీసుకెళ్లడం అరుదు. అది రాయడానికి పాస్టరుకు పది నిమిషాలు చాలు, ఫీజు కూడా లేదు.