ఏథెన్సు ఉదంతమునకు బదులేది?

సందేశమును మొట్టమొదట పుట్టించినవాడెవడో మెసేజింగ్ సంస్థలు చెప్పితీరవలెనని శాసించు 2021 నాటి ఐటీ నిబంధనలలోని 4(2)వ నియమమును గూర్చి ఇరుపక్షముల పండితులును ఏండ్ల తరబడి గోప్యత గొప్పదా, భద్రత గొప్పదా యని తూకము వేయుచుండుట చూడగా విసుగు పుట్టుచున్నది. ఏలయన, ఆ తక్కెడలో ముందుగా పెట్టవలసిన ఏథెన్సు ఉదంతమును ఏ పక్షమువారును అంతగా తలవరు. నిఘాకై అమర్చిన ద్వారము నిఘాధికారులకు మాత్రమే తెరచుకొనునన్న నమ్మకమును ఆ ఉదంతము ఇరువది యేండ్ల క్రిందటనే పటాపంచలు చేసినది. కావున ఈ నియమము సవరింపదగినది కాదు, రద్దు చేయదగినది.

గ్రీసుదేశమున వొడాఫోన్ సంస్థ వాడిన ఎరిక్సన్ స్విచ్చులలో, చట్టబద్ధముగా సంభాషణలు వినుటకు తోడ్పడు సాఫ్ట్‌వేర్ 2003లో ఒక అప్‌డేట్‌తో పాటు వచ్చి చేరినది; దానిని నడుపుటకును, ఎవరెవరి మాటలు వినబడుచున్నవో పద్దు వ్రాయుటకును వలసిన వేరొక భాగమును మాత్రము ఆ సంస్థ కొనియుండలేదు. చెవి యున్నది, పద్దు లేదు. ఒలింపిక్ క్రీడలు జరిగిన 2004లో ఎవరో ఆ స్విచ్చులలో దూరి, నిద్రాణమైయున్న ఆ చెవిని మేల్కొలిపి, ప్రధానమంత్రి కోస్తాస్ కరమన్లిస్ మొదలుకొని మంత్రులు, ఏథెన్సు మేయరు వరకు నూటికి పైబడిన ఫోన్ల సంభాషణలను పదునాలుగు ప్రీపెయిడ్ ఫోన్లకు మళ్లించిరి. 2005 జనవరిలో తమ దొంగ సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయి వారు పొరపడుటచే ఎస్సెమ్మెస్‌లు చేరక ఫిర్యాదులు వచ్చినవి గాని, లేనిచో ఆ చౌర్యము ఇంకెన్నాళ్లు సాగెడిదో!

మన నియమము సందేశమును చదువుమనదు, మూలకర్త పేరు మాత్రమే అడుగునని ప్రభుత్వపక్షము వాదించును. అక్షరాలా అది నిజమే. కాని రేపు ఏ సందేశపు పుట్టుక అడుగుదురో నేడెవరికిని తెలియదు. కావున ఒక్కదాని జాడ చెప్పవలెనన్నను అన్నింటి జాడలను ముందుగనే గుర్తుపెట్టి యుంచవలయును. ఒక్క దొంగను పట్టుటకై ఊరిలోని ప్రతి ఇంటికిని సర్కారే కన్నము వేసి పెట్టినట్లున్నది ఈ యుపాయము. పైగా, సందేశము విదేశమున పుట్టినచో దానిని ఈ దేశమున తొలుత పంపినవారినే మూలకర్తగా భావింపవలెనని ఆ నియమమే చెప్పుచున్నది. దుబాయిలో ఎవడో కల్పించిన వదంతిని నిజామాబాదులోని యొక యిల్లాలు, పిల్లలు జాగ్రత్త సుమా యని, భయముతో చెల్లెలికి పంపెననుకొందము. చట్టము కంటికి ఆ వదంతికి జనని ఆమెయే!

ఏథెన్సు పాతకథ యందురా? అమెరికాలో 1994 నాటి చట్టముననుసరించి టెలికాం సంస్థలు నిఘాకు అనువైన ఏర్పాట్లు చేసికొనగా, చైనా ప్రభుత్వముతో సంబంధము కలదని అమెరికా చెప్పుచున్న ‘సాల్ట్ టైఫూన్’ ముఠా ఆ సంస్థలలో చొరబడి, న్యాయస్థానపు ఉత్తర్వులపై పోలీసులు కోరిన సమాచారమును సైతము కాజేసినట్లు 2024లో వెల్లడియైనది. ఆ డిసెంబరులోనే అచ్చటి సైబర్ భద్రతాసంస్థ ఉన్నతాధికారులకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కల యాప్‌లనే వాడుడని హితవు చెప్పవలసి వచ్చినది. ఏథెన్సే మరల జరిగినది, మరింత పెద్దదిగా.

బయటి దొంగ రాకున్నను లోపలివాడు చాలును. తెలంగాణలో ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగమువారు రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విని, ప్రభుత్వము మారగనే హార్డ్‌డిస్కులను ధ్వంసము చేసిరన్న అభియోగములు 2024 మార్చిలో నమోదైన కేసులో వెలికివచ్చినవి. నిజానిజములు న్యాయస్థానము తేల్చును. కాని విను అధికారమును, పద్దును చెరుపు వీలును ఒకే చేత నుండుట ఎంతటి ప్రమాదమో తెలిసికొనుటకు తీర్పు దాక ఆగనక్కరలేదు.

పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలన్న వదంతుల వలన 2018లో నిరపరాధులు ప్రాణములు కోల్పోయిన మాట యథార్థమే, ఆ దుఃఖమును చులకన చేయరాదు. అయితే ఒక సందేశమును ఐదు చాట్‌లకు మించి ఒక్కమారు ఫార్వర్డ్ చేయరాదన్న కట్టుబాటును వాట్సాప్ మన దేశమున ఆ యేడే పెట్టినది. దానికి ఎవరి తాళమును పగులగొట్టనక్కర లేకపోయినది.

మన అధికారులెల్లరు నిజాయితీపరులే యనుకొందము, మన న్యాయమూర్తులెల్లరు జాగరూకులే యనుకొందము. ఏథెన్సున చొరబడినవారు అధికారులా, న్యాయమూర్తులా? 2006 ఫిబ్రవరిలో ఆ సంగతిని లోకమునకు చాటిన గ్రీసు ప్రభుత్వము ఆనాడు దొంగలెవరో చెప్పలేకపోయినది. వొడాఫోన్‌పై విధించిన 7.6 కోట్ల యూరోల జరిమానా, పోయిన రహస్యములలో ఒక్కదానినైనను వెనుకకు తేలేదు. ఒక దేశపు ప్రధానమంత్రినే కాపాడలేని ఏర్పాటు కోట్లాది సామాన్యులను ఎట్లు కాపాడునో ఈ నియమమును సమర్థించు పెద్దలు చెప్పవలెను, చెప్పలేనిచో దానిని ఉపసంహరించుకొనవలెను. రెండును చేయక, ప్రశ్నించినవారి నోటికి దేశభద్రత యను పేర తాళము వేయజూచుట విధానము కాదు, మొండితనము. ఆ మొండితనమునకు రేపు మూల్యము చెల్లించువారు నియమమును వ్రాసినవారు మాత్రము కారు.