ముందు ఆడి చూడండి, ఆ తరువాత నిషేధించండి



"మావాడు ఆటకు బానిసైపోయాడండి" అన్న మాట వినని వారం లేదు. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా ఆరోగ్య అవగాహన సభ ముగిసే వేళకు ఎవరో ఒక తండ్రి లేచి ఈ మాటే అంటారు. "ఏ ఆట?" అని నేను అడుగుతాను. "ఏదో ఫోనులో ఆటండి" అన్నదే సమాధానం. రోగి వచ్చి "ఏదో మాత్ర వేసుకున్నానండి" అంటే ఏ వైద్యుడైనా ఊరుకుంటాడా? మాత్ర పేరు తెలియకుండా అది విషమని తేల్చడం ఎంత అశాస్త్రీయమో, ఆట పేరు తెలియకుండా వ్యసనమని తేల్చడమూ అంతే. ఈ అపరాధం నేనూ చేశాను. దానిని ఒప్పుకొన్న తరువాతనే మీ జోలికి వస్తాను.

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో చెలరేగిన అల్లర్ల తరువాత కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ నిలిచిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది తిరిగి వచ్చిన కొద్ది రోజులకు రాజోలు వైపు నుంచి ఒక అమ్మమ్మ తన మనవడిని మా ఇంటికి తీసుకువచ్చింది. పిల్లవాడు పదవ తరగతిలోకి రాబోతున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా ఆట, పగలంతా నిద్రమత్తు. నేను ఆట పేరైనా అడగలేదు. "రాత్రి తొమ్మిదికల్లా ఫోను తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేయండి" అన్నాను. గుమ్మం దాటుతూ ఆమె ఒక మాట అన్నది: "నెట్టు లేని రోజుల్లో కూడా ఈడు పడుకోలేదు డాక్టరు గారండి. అర్ధరాత్రి దాటేదాకా అలా కూర్చునే ఉండేవోడు." రోగనిర్ధారణ అంతా ఆ మాటలోనే ఉంది. నేను వినిపించుకోలేదు.

వారం తిరగకుండానే వారు మళ్ళీ వచ్చారు. పిల్లవాడు అన్నం మానేశాడు. అప్పుడు గాని నేను ప్రశ్నలు అడగలేదు. వాడి తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నది. ఆమె పని ముగిసేసరికి అక్కడ రాత్రి పది గంటలు, మనకు పన్నెండున్నర. ఆమె వీడియో కాల్ వచ్చే వరకు నిద్ర ఆపుకోవడానికి వాడు ఆడుకునేవాడు. నెట్ లేని రోజుల్లో కూడా అలవాటు కొద్దీ ఎదురుచూసేవాడు. నా సలహా వల్ల బీరువాలోకి పోయింది ఆ తల్లి గొంతు.

ఆ రోజు నేను వాడిని ఆట పేరు అడిగాను. "ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అండి" అన్నాడు. నాకు నేర్పమన్నాను. వాడు నమ్మలేనట్లు చూశాడు.

ఇటువంటి వాటిని బహుళ క్రీడాకారుల పాత్రధారణ ఆటలంటారు. వేలాది మంది ఒకే కల్పిత లోకంలో, ఒకే సమయాన, తలా ఒక వేషంతో తిరుగుతారు. వీటికి ఆద్యులు ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్. 1978లో వారు ఆరంభించిన 'మడ్' అనే ఆటలో బొమ్మ అన్నది లేదు, అంతా అక్షరాలే. రూన్‌స్కేప్ 2001 జనవరిలో బ్రౌజరులోనే ఆడే ఆటగా వచ్చింది. ఖరీదైన యంత్రం లేనివారు కూడా ఆడగలగడమే బ్రౌజరు ఆటల విస్తరణకు కారణం. నేడు అది ఫోనులోనూ దొరుకుతుంది.

మీరు కూడా ఆరంభించండి. ఖాతా తెరిచేటప్పుడు మీ అసలు పేరు గాని, ఊరు గాని, పుట్టిన సంవత్సరం గాని వేషం పేరులో చేర్చవద్దు. ఉచిత భాగమే నెలల తరబడి సరిపోతుంది కనుక తొలి నెలలో ఒక్క రూపాయి కట్టవద్దు. మొదట శిక్షణ దీవిలో దిగుతారు. అక్కడ చేతికి చిన్న వల ఇచ్చి రొయ్యలు పట్టమంటారు. చెట్టు కొట్టి, నిప్పు రాజేసి, వాటిని వండాలి. రాగినీ తగరాన్నీ తవ్వి కొలిమిలో కరిగిస్తే కంచు వస్తుంది, దానితో బాకు చేసుకోవాలి. దీవి దాటాక లంబ్రిడ్జ్ అనే ఊరు. కోటలోని వంటవాడు కేకు కోసం గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమని బతిమాలుతాడు. తొలి సాహసకృత్యం అదే! రొయ్యల చెరువుల సీమలో పుట్టిన నేను అక్కడ తొలిసారి వండిన రొయ్యలను మాడ్చేశాను. పక్కన నిలబడిన పిల్లవాడు నవ్వాడు. మా ఇంటికి వచ్చిన తరువాత వాడు నవ్వడం అదే మొదలు.

ఇక నా అసలు అభియోగం. ఈ ఆటలో ప్రతి విద్యకూ 99 లెవెళ్ళు ఉంటాయి. 99వది చేరడానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ లెవెలుకు 65,17,253 పాయింట్లు చాలు. అంటే 92కు చేరినవాడు దాదాపు సగం దారిలోనే ఉన్నాడు! తొలి లెవెళ్ళు నిమిషాలలో వస్తాయి, చివరివి రోజుల తరబడి రావు. మోతాదు పెరిగే కొద్దీ ఫలితం తగ్గే మందులను మేము ఎంత జాగ్రత్తగా రాస్తామో మీకు తెలుసు. కబడ్డీకి ఈల ఉంది, చదరంగానికి ఆటకట్టు ఉంది. ఈ ఆటలకు ముగింపు లేదు. ఆ ముగింపును ఇంట్లోవారే ఏర్పరచాలి. ఆట తెలియనివారు దానిని ఏ విధంగా ఏర్పరచగలరు?

అన్ని ఆటలూ ఒకటి కావని కూడా ఆడినప్పుడే తెలుస్తుంది. రూన్‌స్కేప్‌లో క్షేమమైన చోట నిలిచి బయటకు వస్తే మీ వేషం కూడా లోకం నుంచి తప్పుకుంటుంది. 2004లో జర్మనీలో పుట్టిన ట్రేవియన్ అనే బ్రౌజరు ఆట అటువంటిది కాదు. అందులో మీరు కట్టుకున్న పల్లె మీరు నిద్రపోయినా అక్కడే ఉంటుంది. కొత్తవారికి ఇచ్చే కొద్దిరోజుల రక్షణ ముగిసిందంటే ఏ అర్ధరాత్రో శత్రుసేన వచ్చి గాదెలు దోచుకుపోతుంది. కూటమిలోని మిత్రులు "మేలుకొని ఉండు" అంటారు. అందుచేత పిల్లవాడిని "ఎన్ని గంటలు ఆడావు?" అని గద్దించడానికి ముందు "నువ్వు నిద్రపోతే ఈ ఆటలో నీకేమైనా నష్టమా?" అని అడగండి. అవునంటే ఆ ఆట పదవ తరగతి పిల్లవాడికి తగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మత చేరిన మాట నిజం. అయితే అందులో గంటల లెక్క లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగిలిన జీవితమంతా ఆట వెనుకకు పోవడం, కీడు జరుగుతున్నదని తెలిసీ మానలేకపోవడం అనే లక్షణాలు సాధారణంగా ఏడాది పాటు కనబడాలి. సెలవుల్లో నాలుగు గంటలు ఆడినవాడికి ఈ ముద్ర వేయకండి.

వ్యసనం గురించి మనకు ఉపన్యసించే అర్హత ఎంత? సంక్రాంతి మూడు రోజులూ చట్టం వద్దన్నా కోడిపందేల బరుల చుట్టూ చేరేది ఎవరు? గుండాట బల్లల వద్ద నోట్లు విసిరేది పదవ తరగతి పిల్లలా? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది. ఆ నిషేధాన్ని నేను మనసారా సమర్థిస్తాను, ఎందుకంటే అది జూదం. జూదాన్నీ, రొయ్య మాడ్చుకునే ఆటనూ ఒకే గాటన కట్టి, పందెం బరి నుంచి ఇంటికి వచ్చి కొడుకు ఫోను లాక్కునే తండ్రిని మాత్రం సమర్థించలేను.

ఆటలో మోసగాళ్ళు లేరని నేను అనడం లేదు. "నీ బంగారం నాకివ్వు, రెట్టింపు చేసి ఇస్తాను" అనేవాడు అక్కడి సంతలో నాకూ ఎదురయ్యాడు. ఊళ్ళో చీటీలు ఎగవేసినవారిని చూసిన అనుభవం నాకు ఉపయోగపడింది. ఇటువంటి సంగతులు పెద్దలు పక్కన కూర్చున్నప్పుడే పిల్లలకు అందుతాయి. ఆట మానలేక పిల్లవాడు నిజంగా కుమిలిపోతుంటే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

రాజోలు పిల్లవాడి విషయం చెప్పాలి కదా. తల్లితో మాట్లాడి ఆ కాల్‌ను ఆమె పనిలోకి దిగే ముందుకు మార్పించాము. అక్కడ ఉదయం ఐదున్నర, ఇక్కడ ఎనిమిది. వాడు బడి సంచీ భుజాన వేసుకొని ఆమెతో మాట్లాడేవాడు. ఆట సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు, పక్కన అమ్మమ్మ. ఆమెకు చదువు రాదు, అయినా ఏ చెట్టు కొడితే పాయింట్లు ఎక్కువ వస్తాయో నెల తిరిగేసరికి నాకే చెప్పసాగింది.